కొమ్మల మీదుగా మానుకి

నేను ఇంగ్లండ్‌లో అడుగుపెట్టేనాటికి డీప్ పర్పుల్ అనే ఇంగ్లీషు రాక్ బ్యాండ్ లేదు. 1976 మార్చి 15న లివర్‌పూల్ ఎంపైర్‌లో చివరి కచేరీ చేసి ఎవరి దారి వాళ్లు చూసుకున్నారు. గుంటూరులో ఎం.బి.బి.ఎస్. ముగించి నేను లెస్టర్ చేరింది 1979లో. అందుకే నా కథ మిగతా అభిమానుల కథకి తలకిందులుగా నడుస్తుంది. వాళ్లు ముందు పర్పుల్‌ని ప్రేమించారు, అది విడిపోయాక గుండె రాయి చేసుకుని, అందులోవాళ్లు విడిగా పెట్టుకున్న రెయిన్‌బో, వైట్‌స్నేక్, గిలన్ బ్యాండ్లు వినడం మొదలుపెట్టారు. నేను ముందు ఆ పిల్ల బ్యాండ్లకే మనసిచ్చాను. వాటి చెయ్యి పట్టుకునే పర్పుల్ దగ్గరికి వెళ్లాను. అందుకని ఎవరైనా "అవన్నీ పర్పుల్ పోయాక మిగిలిన ముక్కలేగా" అంటే ఈ వయసులో కూడా నాకు ఒప్పుకోబుద్ధి కాదు.

లెస్టర్‌లో నాది హౌస్ ఆఫీసర్ ఉద్యోగం, అంటే కొత్త డాక్టరు కొలువు. క్వార్టర్స్ ఆసుపత్రి వెనకాలే. కోటు జేబులో బ్లీప్ అనే పేజర్, అది ఎప్పుడు కూస్తే అప్పుడు పరుగు. ఆ రాత్రి డ్యూటీల్లో నాకు బాగా దగ్గరైన మనిషి బ్లడ్ బ్యాంక్‌లో పనిచేసే ల్యాబ్ టెక్నీషియన్. పుట్టి పెరిగింది ఆ ఊళ్లోనే. ఒక శుక్రవారం రాత్రి కడుపులో రక్తస్రావంతో వచ్చిన పేషెంటు శాంపిల్ పట్టుకుని నేనే ల్యాబ్‌కి పరుగెత్తాను. పేషెంటుకి ఏ రక్తం సరిపడుతుందో చూసే క్రాస్‌మ్యాచ్ అయ్యేదాకా అక్కడే నిలబడాలి. సెంట్రిఫ్యూజ్ పక్కన చిన్న ట్రాన్సిస్టర్ మోగుతోంది. శుక్రవారం రాత్రి పదింటి నుంచి బీబీసీ రేడియో వన్‌లో టామీ వాన్స్ ఫ్రైడే రాక్ షో వచ్చేది, ఆ రెండు గంటలూ ఆ ట్రాన్సిస్టర్‌ని ఎవరూ ముట్టుకోకూడదు.

ముందు డ్రమ్స్ దొర్లుకుంటూ వచ్చాయి. వెనకాలే గిటార్, బరువుగా, నింపాదిగా. ఆ పైన ఒక గొంతు. అప్పటిదాకా నాకు తెలిసిన ఇంగ్లీషు పాటలంటే రేడియో సిలోన్‌లో విన్న మెత్తటి పాటలే. ఈ గొంతులో మెత్తదనం కాదు కదా, దాని జాడ కూడా లేదు. ఎక్కడో ఎడారిలో నిలబడి ఆకాశానికి వినపడాలని పాడుతున్నట్టుంది. పోనుపోను వయొలిన్లన్నీ గుంపుగా కమ్ముకొచ్చాయి. మావాడు టెస్ట్‌ట్యూబులు ఒక్కొక్కటే వెలుతురుకి ఎత్తి చూస్తున్నాడు. కళ్లు వాటి మీద, తల మాత్రం పాటతో ఊగుతోంది. పాట అయ్యాక బ్యాగుల మీద సంతకం పెడుతూ చెప్పాడు: బ్యాండ్ రెయిన్‌బో, పాట స్టార్‌గేజర్, పాడింది రానీ జేమ్స్ డియో, వెనకాల వాయించింది మ్యూనిక్ ఫిల్‌హార్మానిక్ ఆర్కెస్ట్రా. నేను రక్తం బ్యాగులు పట్టుకుని వార్డుకి పరుగెత్తాను గానీ ఆ పాట నాతోనే మెట్లెక్కింది.

ఆ ఆదివారమే వాళ్లింటికి వెళ్లాను. 'రైజింగ్' ఎల్పీ చేతికిచ్చాడు. అట్ట మీద అల్లకల్లోలంగా ఉన్న సముద్రం, దాన్ని చీల్చుకుని పైకి లేచిన పిడికిలి, ఆ పిడికిట్లో ఇంద్రధనుస్సు. రికార్డుని అంచులు మాత్రమే పట్టుకుని తీసి, వెల్వెట్ బ్రష్‌తో దుమ్ము తుడిచి, ముల్లు పెట్టాడు. రెండోవైపు ఉన్నవి రెండే పాటలు, ఒక్కొక్కటీ ఎనిమిది నిమిషాల పైన. మొదటిది స్టార్‌గేజర్. ఒక మాంత్రికుడు తాను ఎగరగలనని నమ్మి, ఎడారిలో జనం చేత వెట్టిచాకిరీ చేయించి గోపురం కట్టిస్తాడు. ఏళ్ల తరబడి రాళ్లు మోసిన ఒక మనిషి గొంతుతో పాట నడుస్తుంది. చివరికి మాంత్రికుడు గోపురం ఎక్కుతాడు, ఎగరబోయి కిందపడి చస్తాడు. మోసినవాళ్ల గతేమిటి? రెండో పాట, ఎ లైట్ ఇన్ ద బ్లాక్, అక్కణ్నుంచి అందుకుంటుంది, వాళ్ల ఇంటి దారి వెతుకులాటతో. కోజీ పావెల్ డ్రమ్స్ ఆ రెండో పాటలో ఎక్కడా ఊపిరి పీల్చుకోనివ్వవు. 1976లో వచ్చిన ఆ ఆల్బమ్ మొత్తం కలిపినా ముప్పావుగంట లేదు. నా లెక్కలో ఆ మహావృక్షానికి కాసిన పళ్లన్నిట్లోకీ ఇదే తియ్యనిది. పర్పుల్ ఆల్బమ్‌లని కూడా కలుపుకునే అంటున్నాను.

ఆరోజే ఆయన టేబుల్ సొరుగులోంచి ఒక మడత కాయితం తీశాడు. అప్పట్లో పీట్ ఫ్రేమ్ అనే ఆయన రాక్ బ్యాండ్ల వంశవృక్షాలు గీసేవాడు. ఎవరు ఏ బ్యాండ్‌లోంచి వచ్చారు, ఎవరు బయటికెళ్లి ఏం పెట్టారు అన్నది చీమతలకాయంత అక్షరాలతో చేత్తో రాసేవాడు. బ్రిటన్‌లో రాక్ సంగీతం అంటే చెవి కోసుకునేవాళ్లందరికీ ఆ కాయితాలు తెలుసు. మావాడు అదే పద్ధతిలో పర్పుల్ వంశాన్ని సొంతంగా గీసుకున్నాడు, వాడేసిన ల్యాబ్ ఫారాలు వెనక్కి తిప్పి, టేపుతో అతికించి. బల్ల మీద పరిస్తే అటూ ఇటూ కిందికి వేలాడింది. అడుగున 1968, హార్ట్‌ఫర్డ్‌షైర్. ఆర్గన్ జాన్ లార్డ్, గిటార్ రిచీ బ్లాక్‌మోర్, డ్రమ్స్ ఇయన్ పేస్, పాట రాడ్ ఎవాన్స్, బాస్ నిక్ సింపర్. అది మార్క్ వన్, అంటే మొదటి జట్టు. 1969లో ఎవాన్స్, సింపర్ పోయి ఎపిసోడ్ సిక్స్ అనే బృందం నుంచి పాటకి ఇయన్ గిలన్, బాస్‌కి రోజర్ గ్లోవర్ వచ్చారు. అది మార్క్ టూ. 1973లో వాళ్లిద్దరూ వెళ్లిపోతే డేవిడ్ కవర్‌డేల్, గ్లెన్ హ్యూజ్ వచ్చారు, మార్క్ త్రీ. 1975లో బ్లాక్‌మోర్ వెళ్లిపోయి రెయిన్‌బో పెట్టుకుంటే అమెరికా కుర్రాడు టామీ బోలిన్, మార్క్ ఫోర్. అక్కడ మాను ఆగిపోయింది. ఆ పైనంతా కొమ్మలు.

జాన్ లార్డ్ పేరు చుట్టూ ఎర్ర సిరాతో రెండు గీతలు ఉన్నాయి. ఎందుకంటే లార్డ్ లెస్టర్‌వాడు. మా టెక్నీషియన్‌కి ఆ సంగతి ఎంత గర్వమో చెప్పలేను. ఇయన్ పేస్ పక్కనే ఉన్న నాటింగ్‌హామ్‌లో పుట్టాడు. ఈ ఇద్దరి గురించి మాట్లాడేటప్పుడు "మనవాళ్లు" అనేవాడు, కొన్నాళ్లకి నేనూ అలాగే అనడం మొదలుపెట్టాను. లార్డ్ చిన్నప్పటి నుంచి శాస్త్రీయ సంగీతం నేర్చుకున్నవాడు. ఆయన హామండ్ ఆర్గన్‌ని మామూలు స్పీకర్‌తో కాక గిటార్లకి వాడే మార్షల్ యాంప్లిఫయర్‌కి కలిపి వాయించేవాడు. ఆర్గన్ గొంతు బొంగురుపోయి, గర్జించి, గిటార్‌తో సమానంగా పోట్లాడేది. పర్పుల్ పాటల్లో "ఇది గిటారా, ఆర్గనా" అని తికమకపడే చోట్లు చాలా ఉన్నాయి. ఆ తికమకలోనే ఉంది వాళ్ల సొంత ధ్వని అంతా.

1980 ఆగస్టు గురించి చెప్పకపోతే ఈ రాత దండగ. ఆ నెల 16న లెస్టర్‌కి పట్టుమని పాతిక మైళ్లు కూడా లేని క్యాసిల్ డానింగ్టన్‌లో, కార్ల రేసులు జరిగే డానింగ్టన్ పార్క్‌లో, మొట్టమొదటి మాన్‌స్టర్స్ ఆఫ్ రాక్ సంగీతోత్సవం పెట్టారు. చివర్లో వాయించేది రెయిన్‌బో. అప్పటికి డియో వెళ్లిపోయాడు, గ్రహమ్ బానెట్ వచ్చాడు. రోజర్ గ్లోవర్ వచ్చి బాస్ పట్టుకున్నాడు, అంటే పర్పుల్‌లో ఒకరి మీద ఒకరు అలిగిన బ్లాక్‌మోర్, గ్లోవర్ మళ్లీ ఒకే గొడుగు కింద. నాకు ఆ శనివారం సెలవు దొరికింది. అంతకుముందు కురిసిన వానకి నేలంతా బురద. డెనిమ్ జాకెట్ల మీద బ్యాండ్ల పేర్లు కుట్టించుకున్న కుర్రాళ్ల మధ్య అమ్మ అల్లిన స్వెటర్‌తో నేను. ఒక్కడంటే ఒక్కడు నన్ను వింతగా చూడలేదు. "ఎవరి కోసం వచ్చావ్?" అని అడిగారు, "రిచీ కోసం" అన్నాను, అంతే, పక్కన చోటిచ్చారు.

బానెట్‌కి పొట్టి జుట్టు, నల్ల కళ్లద్దాలు. చూస్తే ఈ బ్యాండ్ మనిషిలా ఉండడు. నోరు తెరిస్తే మైదానం దద్దరిల్లింది. కోజీ పావెల్ సోలో వాయిస్తుండగా చైకోవ్‌స్కీ 1812 ఓవర్చర్ మొదలైంది, దానికి తోడు పేలుళ్లు, ఒక్కో పేలుడుకి గుండె మీద చెయ్యేసి తోసినట్టయింది. రెయిన్‌బోతో కోజీ వాయించిన ఆఖరి కచేరీ అదే. వారం తిరక్కుండానే రెడింగ్ ఉత్సవం, 22 నుంచి 24 దాకా. అక్కడ తొలిరోజు గిలన్ బ్యాండ్, ఆఖరి రాత్రి వైట్‌స్నేక్. నాకు డ్యూటీ పడి వెళ్లలేకపోయాను, మా టెక్నీషియన్ వెళ్లొచ్చి మూడు రాత్రుల పాటు చెప్పాడు. అదే వేసవిలో 'డీపెస్ట్ పర్పుల్' అని పాత పాటలన్నీ ఏర్చి కూర్చిన రికార్డు ఒకటి వేస్తే అది బ్రిటన్ ఆల్బమ్‌ల పట్టికలో మొదటి స్థానానికెక్కి కూర్చుంది. నాలుగేళ్ల క్రితం మూతబడ్డ బ్యాండ్! ఆ వేసవిలో పిల్లలు ముగ్గురూ మైదానాలు నింపుతుంటే తల్లి మళ్లీ సింహాసనం ఎక్కింది. నేను పర్పుల్ రికార్డులు కొనడం ఆ వారమే మొదలైంది.

మొదట కొన్నది 'మేడ్ ఇన్ జపాన్'. 1972 ఆగస్టు 15, 16 ఒసాకాలో, 17 టోక్యోలో చేసిన కచేరీలవి. 1972 ఆగస్టు 15 అంటే మన స్వాతంత్ర్యానికి పాతికేళ్లు నిండిన రోజు. గుంటూరులో మేం జెండా ఎగరేసి మిఠాయిలు పంచుకున్న రోజు. ఆ సాయంత్రమే ఒసాకాలో వీళ్లు ఇది వాయిస్తున్నారు అన్న సంగతి అట్ట మీద తారీఖు చూసి గ్రహించినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. అసలా రికార్డు జపాన్ వరకే వేద్దామనుకున్నారట. బ్యాండ్‌కి దాని మీద పెద్ద ఆసక్తి కూడా లేదట. రికార్డింగ్ చూసుకున్నది మార్టిన్ బర్చ్. రెండు ఎల్పీలు, నాలుగు వైపులు, ఏడే పాటలు. నాలుగో వైపు మొత్తం స్పేస్ ట్రకిన్ ఒక్కటే.

నాకు ప్రాణం పెట్టాలనిపించేది మూడో వైపున ఉన్న స్ట్రేంజ్ కైండ్ ఆఫ్ వుమన్. పాట మధ్యలో బ్లాక్‌మోర్ గిటార్ మీద ఒక చిన్న పలుకు పలికిస్తాడు, గిలన్ దాన్ని గొంతుతో తిరిగి అప్పజెపుతాడు. ఇంకొంచెం కష్టమైనది వేస్తాడు, అదీ అప్పజెపుతాడు. పైకి, ఇంకా పైకి. మా తెనాలి వైపు పద్యనాటకాలు చూసి పెరిగినవాణ్ని నేను. తెల్లవారుజామున కృష్ణుడు పద్యం చివర రాగం తీస్తుంటే హార్మొనీ ఆయన్ని పైకి పైకి లాగడం, ఇద్దరిలో ఎవరు ముందు దిగుతారా అని జనం ఊపిరి బిగబట్టడం, దిగగానే "వన్స్ మోర్" అని ఈలలు. గిలన్ ఆఖరి కేక దగ్గర ఒసాకా జనం పెట్టిన గోల విన్నప్పుడు నాకు పందిట్లో చాప మీద కూర్చున్నట్టే అనిపించింది. ఆ క్షణం నుంచి ఈ సంగీతం నాకు పరాయిది కాదు.

స్మోక్ ఆన్ ద వాటర్ కథ తెలియని అభిమాని ఉండడు గానీ, నేను విన్నది రాత్రి రెండింటికి, టీ తాగుతూ, మా టెక్నీషియన్ నోట. 1971 డిసెంబరులో కొత్త ఆల్బమ్ రికార్డు చేయడానికి పర్పుల్ స్విట్జర్లాండ్‌లోని మాంట్రూ వెళ్లింది. రోలింగ్ స్టోన్స్ వాళ్ల మొబైల్ స్టూడియో అద్దెకు తీసుకున్నారు, ఆ ఊరి క్యాసినోలో వాయించాలని ఏర్పాటు. అంతకుముందు, డిసెంబరు 4న, అక్కడ ఫ్రాంక్ జాపా అనే అమెరికా సంగీతకారుడి కచేరీ. జనంలో ఎవడో సంకేతపు మంటలు వదిలే ఫ్లేర్ గన్ పైకప్పు వైపు పేల్చాడు. క్యాసినో మొత్తం తగలబడింది. మాంట్రూ జాజ్ ఉత్సవం నడిపే క్లాడ్ నాబ్స్ లోపలికి పరుగెత్తి పిల్లల్ని బయటికి లాక్కొచ్చాడు. జెనీవా సరస్సు మీద పొగ పరుచుకోవడం పర్పుల్ వాళ్లు చూశారు. కొన్నాళ్లకి గ్లోవర్ నిద్రలోంచి లేస్తూ ఆ నాలుగు మాటలూ పైకి అన్నాడట, అదే పాట పేరయింది. ఆ పాటలో మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ పలుకుని, రిఫ్ అంటారు దాన్ని, వాళ్లు పెవిలియన్ అనే థియేటర్లో వాయిస్తుంటే చుట్టుపక్కలవాళ్లు చప్పుడు భరించలేక పోలీసుల్ని పిలిచారు. టేక్ పూర్తయ్యేదాకా బ్యాండ్ సామాన్లు మోసే రోడీలు తలుపులు తోసిపట్టుకున్నారు. మిగతా ఆల్బమంతా చలికాలానికి మూసేసిన గ్రాండ్ హోటల్లో, వరండాల్లో పరుపులు అడ్డుపెట్టి చేశారు. వాయించింది వినాలంటే గదులు, బాల్కనీలు దాటుకుని బయట వ్యానులోకి వెళ్లాలి, ఆ శ్రమ పడలేక తిరిగి వినడమే మానేశారు. 'మెషీన్ హెడ్' అలా పుట్టింది. ఆ రిఫ్‌ని బ్లాక్‌మోర్ పిక్‌తో కాదు, వేళ్లతో రెండేసి తీగలు ఒక్కసారే లాగి వాయిస్తాడు. గిటార్ కొన్న ప్రతి కుర్రాడూ మొదట నేర్చుకునేది అదే, ఆ వేళ్లతో లాగడం తెలుసుకునేది మాత్రం నూటికి ఒకరు.

కవర్‌డేల్ కథ నాకు మొదటినుంచీ ఇష్టం. 1973లో అతను ఉత్తర ఇంగ్లండ్ సముద్రతీరంలో రెడ్‌కార్ అనే ఊళ్లో బట్టల షాపులో పనిచేస్తున్నాడు. పేరు లేదు, రికార్డు లేదు. టేపు పంపితే పిలిచారు, పాడితే పెట్టుకున్నారు. మరుసటి ఏడాది ఏప్రిల్ 6న కాలిఫోర్నియా జామ్ అనే సంగీతోత్సవంలో లక్షల మంది ముందు పాడాడు. ఆ కచేరీలోనే బ్లాక్‌మోర్ టీవీ కెమెరాని గిటార్‌తో పొడిచాడు. అందరూ ఆ కెమెరా గురించే మాట్లాడతారు, నాకు మాత్రం ఆరోజు 'బర్న్' పాడుతూ కవర్‌డేల్, హ్యూజ్ గొంతులు ఒకదాన్నొకటి తరుముకోవడమే ముఖ్యం. ఇక మార్క్ ఫోర్ చేసిన ఒక్కగానొక్క ఆల్బమ్ 'కమ్ టేస్ట్ ద బ్యాండ్'ని తీసిపారేసేవాళ్లని నేను క్షమించలేను. టామీ బోలిన్ మంచి గిటారిస్టు. పాతికేళ్లకే, 1976 డిసెంబరు 4న, మయామీలో చనిపోయాడు. మాంట్రూ క్యాసినో తగలబడి సరిగ్గా అయిదేళ్లకి.

కొమ్మల్లో రెండో పెద్దది వైట్‌స్నేక్. 1978లో కవర్‌డేల్ పెట్టాడు. అదే ఏడు లార్డ్ వచ్చి చేరాడు, మరుసటి ఏడు పేస్. అంటే మా "మనవాళ్లు" ఇద్దరూ అందులోనే. తర్వాత అమెరికాలో పేరొచ్చిన వైట్‌స్నేక్ వేరు, జుట్టూ వీడియోలూ వేరు. నేను చెప్పేది బ్లూస్ వాసన వేసే మొదటి వైట్‌స్నేక్. 'లైవ్ ఇన్ ద హార్ట్ ఆఫ్ ద సిటీ' అనే రికార్డులో బాబీ బ్లాండ్ పాడిన పాత పాట ఒకటి, ఎయింట్ నో లవ్, కవర్‌డేల్ సగం పాడి వదిలేస్తాడు. మిగతా సగం హామర్‌స్మిత్ ఓడియన్‌లో ఉన్న జనం పాడతారు. వాళ్లని అతను వైట్‌స్నేక్ క్వాయర్ అనేవాడు. అభిమానులంటే ఏమిటో ఎవరైనా అడిగితే ఆ పాట వినిపిస్తాను.

గిలన్ కొమ్మ ఇంకో రకం. ముందు ఇయన్ గిలన్ బ్యాండ్ అని జాజ్ కలిపిన సంగీతం చేశాడు. తర్వాత గిలన్ అన్న పేరుతోనే వేగంగా, కరుకుగా ఉండే బృందం పెట్టాడు. 'గ్లోరీ రోడ్', 'ఫ్యూచర్ షాక్' ఇక్కడ బాగా అమ్ముడయ్యాయి. 1983లో ఆయన బ్లాక్ సబాత్ అనే ఇంకో రాక్ బ్యాండ్‌లో చేరి 'బార్న్ అగెయిన్' పాడాడు. డియో అంతకుముందే సబాత్‌లోకి వెళ్లి 'హెవెన్ అండ్ హెల్' ఇచ్చి వచ్చాడు. మా టెక్నీషియన్ కాయితం బల్ల దిగి నేలకి తగిలింది, సబాత్ కోసం ఇంకో ఫారం అతికించాల్సొచ్చింది.

షెఫీల్డ్ నుంచి డీప్ పర్పుల్ అప్రీసియేషన్ సొసైటీ అని ఒకటి నడిచేది. సైమన్ రాబిన్సన్ నడిపేవాడు. వాళ్ల పత్రిక 'డార్కర్ దాన్ బ్లూ' పోస్టులో వచ్చేది. బ్యాండ్ చచ్చిపోయి ఉన్న ఏళ్లలో ఏ ఊళ్లో ఏ పాత టేపు బయటపడింది, ఏ కొమ్మలో ఎవరు మారారు అన్నది మాకు ఆ పత్రికే చెప్పేది. తర్వాత పాత ఆల్బమ్‌లని శుభ్రం చేసి మళ్లీ విడుదల చేసినప్పుడు కంపెనీవాళ్లకి ఆ అభిమానుల సాయమే అక్కరకొచ్చింది. వార్డులో పద్దెనిమిది గంటలు నిలబడి గదికి వస్తే తలుపు కింద ఆ కవరు కనపడేది. అమ్మ ఉత్తరం, ఆ పత్రిక ఒకేరోజు వచ్చిన రోజులున్నాయి. ముందు అమ్మ ఉత్తరమే చదివేవాణ్ని.

1984లో మార్క్ టూ అయిదుగురూ తిరిగి కలిశారు. 'పర్ఫెక్ట్ స్ట్రేంజర్స్' వచ్చింది. ఆ టైటిల్ పాటలో లార్డ్ ఆర్గన్ మొదటి స్వరాలు విన్న రోజు నేను, మావాడు ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. 1985 జూన్ 22న నెబ్‌వర్త్‌లో కచేరీ. లివర్‌పూల్ తర్వాత బ్రిటన్ గడ్డ మీద పర్పుల్ మళ్లీ వాయించడం అదే మొదలు. పొద్దుణ్నుంచి సాయంత్రం దాకా కుండపోత. బూట్లలో నీళ్లు, చేతిలో శాండ్‌విచ్ కూడా నీళ్లే. ఒక్కడూ కదల్లేదు. హైవే స్టార్‌తో మొదలుపెట్టారు. నడుమ బ్లాక్‌మోర్ ఒక్కసారి బీథోవెన్ తొమ్మిదో సింఫనీ ఎత్తుకున్నాడు. అది పర్పుల్‌ది కాదు, 'డిఫికల్ట్ టు క్యూర్' అని రెయిన్‌బో కాలంలో చేసింది. దాన్ని పర్పుల్ వేదిక మీద, లార్డ్, పేస్, గ్లోవర్ తోడుగా వాయిస్తుంటే నా చుట్టూ ఉన్న పాతకాపులు "ఇదేమిటి ఇక్కడ" అని మొహాలు చూసుకున్నారు. నాకు మాత్రం పట్టరాని సంతోషం. నేను వచ్చిన దారి అదే కదా.

ఈ ఏళ్లంతా హైదరాబాద్‌లో బ్యాంకు ఉద్యోగం చేసే మా తమ్ముడికి క్యాసెట్లు వెళ్తుండేవి. తెలిసినవాళ్లు ఎవరు ఇండియా వెళ్తున్నా వాళ్ల సూట్‌కేసులో టీడీకే సి-90లు రెండు సర్దించేవాణ్ని. ఒకవైపు రెయిన్‌బో, రెండోవైపు వైట్‌స్నేక్. వాడికీ నా దారే చూపించాను. 1995 ఏప్రిల్ 8న పర్పుల్ బొంబాయిలో వాయిస్తుందని తెలిసి వాడు రైలెక్కాడు. బ్లాక్‌మోర్ 1993లో మళ్లీ వెళ్లిపోయాడు, కొత్తగా గిటారిస్టు స్టీవ్ మోర్స్ వచ్చి ఉన్నాడు. తిరిగొచ్చాక ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్.

"అన్నయ్యా, బ్లాక్‌మోర్ లేడన్న దిగులు రెండు పాటలకే తీరిపోయింది."

"లార్డ్ ఎలా ఉన్నాడ్రా?"

"ఆర్గన్ని పట్టుకుని ఊపేస్తున్నాడు అన్నయ్యా, అంత బరువున్నదాన్ని! చైల్డ్ ఇన్ టైమ్ ఎత్తుకోగానే మా పక్కన నిలబడ్డ పెద్దాయన కళ్లు తుడుచుకున్నాడు. నా పనీ అంతే."

ఆ చైల్డ్ ఇన్ టైమ్ ఆర్గన్ బాణీ పర్పుల్ సొంతం కాదు. శాన్ ఫ్రాన్సిస్కో బృందం ఇట్స్ ఎ బ్యూటిఫుల్ డే 1969లో చేసిన ఒక వయొలిన్ పాట నుంచి తీసుకున్నారు. ఆ పాట పేరు 'బాంబే కాలింగ్'. పర్పుల్ వాళ్లు దాన్ని నిదానం చేసి, లార్డ్ చేతిలో పెట్టి, పది నిమిషాల ప్రార్థనలా మార్చారు. పాతికేళ్లు తిరిగి ఆ బాణీ బొంబాయిలో మోగింది. ఆ కచేరీ వీడియోకి కూడా అదే పేరు పెట్టారు. మా తమ్ముడి దగ్గర ఉంది, జనంలో తను కనపడతాడని ఇప్పటికీ ఆపి ఆపి చూస్తుంటాడు.

ఇన్ని కచేరీల్లో నన్ను నిలువునా కదిలించింది మాత్రం 1999 సెప్టెంబరులో రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో జరిగింది. దాని వెనక ముప్ఫై ఏళ్ల కథ ఉంది. 1969 సెప్టెంబరు 24న, అదే హాల్లో, లార్డ్ రాసిన 'కన్సర్టో ఫర్ గ్రూప్ అండ్ ఆర్కెస్ట్రా'ని పర్పుల్, రాయల్ ఫిల్‌హార్మానిక్ కలిసి వాయించాయి. నిర్వహించింది మాల్కమ్ ఆర్నాల్డ్. రాక్ బ్యాండ్, నిండు ఆర్కెస్ట్రా ఒకే వేదిక మీద అన్నది అప్పటికి విడ్డూరం. మరుసటి ఏడాది అమెరికాలో ఇంకోసారి వాయించాక ఆ స్కోరు పోయింది. మొత్తం ఆర్కెస్ట్రాకి రాసిన కాయితాల కట్ట ఎటుపోయిందో తెలియలేదు. లార్డ్ ఆశ వదులుకున్నాడు. అప్పుడు మార్కో డి గూయ్ అనే డచ్ యువకుడు, తనంతట తానే, పాత రికార్డింగు వింటూ, వీడియో చూస్తూ, ఒక్కో వాయిద్యం ఏం పలుకుతోందో చెవితో పట్టి స్కోరు మొత్తం తిరిగి రాశాడు. వయొలిన్ల వెనక దాక్కున్న ఓబో ఏ స్వరం మీద ఉందో వినడానికి ఎన్నిసార్లు వెనక్కి తిప్పి ఉంటాడో ఊహించండి. ఆ కాయితాలు తెచ్చి లార్డ్ చేతిలో పెట్టాడు. లార్డ్, కండక్టర్ పాల్ మన్ కూర్చుని మిగతా ఖాళీలు పూరించారు. అలా 25, 26 తేదీల్లో లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో మళ్లీ వాయించారు.

మా ఆవిడతో, మా టెక్నీషియన్ దంపతులతో కలిసి వెళ్లాను. కన్సర్టోకి ముందు ఒక్కొక్కరి సొంత పాటలు పెట్టారు. గ్లోవర్ 1974లో చేసిన 'ద బటర్‌ఫ్లై బాల్' నుంచి పాటలు ప్రకటించగానే పక్కనుంచి ఒక పొట్టి మనిషి నడుచుకుంటూ వచ్చాడు. రానీ జేమ్స్ డియో. ఆ పాటలు మొదట పాడిందీ ఆయనే. పర్పుల్‌లో ఆయన ఎన్నడూ సభ్యుడు కాదు. రెయిన్‌బో గొంతు, సబాత్ గొంతు. కానీ ఆ రాత్రి లార్డ్, గ్లోవర్, పేస్ మధ్య నిలబడి పాడుతుంటే చుట్టానికీ ఇంటివాడికీ తేడా ఎక్కడుంది? ఇరవై ఏళ్ల కిందట ల్యాబ్‌లో సెంట్రిఫ్యూజ్ పక్కన విన్న ఆ గొంతు ఇప్పుడు నా ముందు. మావాడు నా భుజం గట్టిగా పట్టుకున్నాడు. కన్సర్టో రెండో భాగంలో గిలన్ మెల్లగా పాడటం మొదలుపెట్టినప్పుడు మా ఆవిడ, రాక్ అంటే తలనొప్పి అనే మనిషి, నా వైపు తిరిగి "ఇదేనా మీరు ఇన్నాళ్లూ విన్నది?" అంది.

జాన్ లార్డ్ 2002లో బ్యాండ్ నుంచి విరమించుకున్నాడు. ఆయన చోట్లోకి వచ్చిన డాన్ ఎయిరీ ఎవరు? రెయిన్‌బోలో, వైట్‌స్నేక్‌లో వాయించినవాడు. కొమ్మ నుంచి మానుకి ఇంకో మనిషి. 2010 మే 16న డియో, 2012 జులై 16న లార్డ్ పోయారు. కోజీ పావెల్ అంతకు చాలా ముందే, 1998లో, కారు ప్రమాదంలో. బ్లాక్‌మోర్ భార్యతో కలిసి బ్లాక్‌మోర్స్ నైట్ అని పాతకాలపు ఇంగ్లీషు సంగీతం చేస్తున్నాడు, అది మా ఆవిడకి భలే ఇష్టం. పర్పుల్ మాత్రం ఆగలేదు. 2024లో కూడా కొత్త ఆల్బమ్ వేశారు, కొత్త గిటారిస్టు సైమన్ మెక్‌బ్రైడ్‌తో. అన్ని లైనప్‌లలోనూ ఉన్న ఒకే ఒక్క మనిషి ఇయన్ పేస్, నాటింగ్‌హామ్‌వాడు, ఎడమచేతివాటం డ్రమ్మరు, ఆ స్టూలు మీదే ఉన్నాడు.

మొన్న మా తమ్ముడి మనవడు వీడియో కాల్‌లో అడిగాడు, గిటార్ క్లాసులో స్మోక్ ఆన్ ద వాటర్ నేర్పారట. "పెద్ద తాతా, వీళ్లవి ఇంకేం వినాలి?" అన్నాడు. మెషీన్ హెడ్ చెబుతానని మా తమ్ముడు పక్కనుంచి ఎదురుచూస్తున్నాడు. నేను రైజింగ్ అన్నాను. "రెండోవైపు ముందు విను నాన్నా, సౌండు పెంచి విను. అది అయ్యాక నాకు ఫోన్ చెయ్యి, వైట్‌స్నేక్ సంగతి చెబుతాను."